కొండ మీద మాట్లాడే మనిషి

మా వారు సరదా మనిషని నాకు మొట్టమొదట చెప్పింది ముక్కూ మొహం తెలియని ఒకావిడ. అబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో జాకెట్టు గుడ్డ బేరమాడుతున్నాను. పక్కన నిలబడ్డావిడ నా మాట వినగానే తమ వైపు మనిషినేనని పోల్చుకుని, ఏ ఊరు, ఎక్కడ ఉంటున్నారు, మీవారేం చేస్తారు అని వరసపెట్టి అడిగింది. చెప్పాను. "రాళ్ళ గురించి చెప్తారే, ఆయనా! మొన్న ఆదివారం కొండ మీద మమ్మల్ని నవ్వించి చంపేశారండీ. అలాంటి మనిషి ఇంట్లో ఉంటే మీకు ఇంక సినిమాలెందుకు?" అంది. ఇంకెవరినో చూసి పొరబడిందనుకున్నాను. పొడుగ్గా, బట్టతలతో, భుజాన ఖాకీ సంచితో ఉంటారా అని అడిగాను. ఆయనే అంది. ఆ రోజు గుడ్డ కొనకుండానే ఇంటికొచ్చేశాను.

ఎందుకంటే మా వారు ఇంట్లో మాట్లాడరు. కోపం వచ్చి కాదు, అలిగీ కాదు. ఆయన తీరే అంత. "ఊఁ" అంటారు. ఆ ఊఁకు ఔననో, కాదనో, అసలు వినలేదనో అర్థం నేనే తేల్చుకోవాలి. నన్ను పుట్టింట్లో వసపిట్ట అనేవాళ్ళు. దేవుడు చూసి చూసి జత కుదిర్చాడని మా అమ్మ నవ్వేది. నాకేమీ నవ్వొచ్చేది కాదు.

రాష్ట్రం ఏర్పడ్డాక ఆయన ఆఫీసు కర్నూలు నుంచి హైదరాబాదుకు మారింది. గనులకూ, రాళ్ళకూ సంబంధించిన ఆఫీసు. నాంపల్లి స్టేషను వెనక సందులో రెండు గదుల వాటా కిరాయికి దొరికింది. ఇంటివాళ్ళు పాత హైదరాబాదు వాళ్ళు. ఆ ఇంటాయనకు ఉస్మాన్‌గంజ్‌లో బెల్లం వ్యాపారం. ఇంటావిడ పెద్దది, మంచిది. ఆవిడ తెలుగు నాకు సగం, నా తెలుగు ఆవిడకు సగం అర్థమయ్యేవి. మా వారు నెలలో సగం రోజులు కొండల్లో క్యాంపుల్లో ఉండేవారు. తక్కిన సగం ఇంట్లో ఉండి కూడా క్యాంపులో ఉన్నట్టే ఉండేవారు. బండి కూత వింటే ఎవరో ఒకరు ఎక్కడికో వెళ్తున్నారు గదా అనిపించేది. పొయ్యి దగ్గర కూర్చుని నాతో నేనే మాట్లాడుకునేదాన్ని, నాలుక తుప్పు పట్టకుండా.

"ఏందమ్మా, ఇంట్ల మొగాయన ఉన్నడా లేడా? జర సప్పుడన్న జెయ్యడేంది?" అని ఇంటావిడ గోడ మీంచి అడిగేది.

"ఉన్నారండీ, చదువుకుంటున్నారు" అనేదాన్ని.

"గంతగనం ఏం సదువుతడు? ఫికర్ జెయ్యకు బిడ్డా, కొందరు మొగోళ్ళు గట్లనే ఉంటరు" అని తనే సర్దిచెప్పేది.

వచ్చిన రెండో ఏడు నాకు కానుపు వచ్చింది. అప్పుడు మా వారు నల్లమలలో ఎక్కడో ఉన్నారు. మా అమ్మ బయలుదేరేలోగానే నొప్పులు మొదలయ్యాయి. ఇంటావిడే నన్ను టాంగాలో దవాఖానకు తీసుకుపోయింది. ఆడపిల్ల. ఒక్క పూట బతికింది. ఇంటాయన క్యాంపుకు టెలిగ్రాం ఇచ్చి, చేయాల్సినదంతా తనే దగ్గరుండి చేయించాడు. మా వారికి ఆ టెలిగ్రాం చాలా ఆలస్యంగా అందింది. ఆయన వచ్చేటప్పటికి నేను లేచి వంట చేస్తున్నాను. గుమ్మంలో ఇంటావిడతో ఏదో మాట్లాడి లోపలికొచ్చారు. కాళ్ళు కడుక్కున్నారు. పీట మీద కూర్చున్నారు. నేను వడ్డించాను. తిన్నారు. మర్నాడు ఆఫీసుకు వెళ్ళిపోయారు.

ఒక్కమాట అడుగుతారని ఎదురుచూశాను. ఆ పూట అడగలేదు, ఆ వారం అడగలేదు. మళ్ళీ పిల్లలు కలగలేదు. ఆయన తన బిడ్డను చూడలేదు. చూసినదాన్ని నేను ఇంట్లోనే ఉన్నాను. వచ్చి అడిగితే చెప్పేదాన్ని. నాకు ఆయన మీద ఉన్న కోపమంతా ఆ ఒక్క అడగని మాట మీదే. చీరలు కొనలేదనో, సినిమాకు తీసుకెళ్ళలేదనో అయితే ఎప్పుడో దులిపేసుకునేదాన్ని.

అలాంటి మనిషి కొండ మీద జనాన్ని నవ్వించాడంటే నాకెలా ఉంటుంది?

సంగతేమిటంటే, అబిడ్స్‌లో ఒక పుస్తకాల దుకాణం పైన గదిలో కొందరు చదువుకున్నవాళ్ళు శనివారం సాయంత్రాలు కలిసేవాళ్ళు. ఒకరు పక్షుల గురించి, ఒకరు పాత నాణేల గురించి చెప్పేవాళ్ళు. మా వారిని రాళ్ళ గురించి చెప్పమన్నారు. కాదనాలన్నా మాట్లాడాలి కాబట్టి ఒప్పుకుని ఉంటారు. గదిలో చెప్తే రాళ్ళు అర్థం కావు, చూపించాలన్నారట. అలా చలికాలం ఆదివారాలు నాంపల్లిలో పొద్దున పాసింజరు ఎక్కి వికారాబాద్‌లో దిగి, అనంతగిరి కొండలెక్కి, అడవిలో తిరిగి, సాయంత్రం బండికి రావడం మొదలైంది. ఎవరైనా రావచ్చు. దుకాణం తలుపు మీద కాగితం అంటించేవాళ్ళు. నాకు మాత్రం "ఆదివారం పనుంది" అనే చెప్పారు. అది అబద్ధం కూడా కాదు.

ఆ తర్వాతి ఆదివారం తెల్లారగట్లే లేచి పులిహోర కలిపి, డబ్బాకెత్తి, మంచి చీర కట్టుకుని, ఆయన వెనకే స్టేషనుకు నడిచాను. ప్లాట్‌ఫారం మీద వెనక్కి తిరిగి చూసి "నువ్వా" అన్నారు. "నేనే" అన్నాను. బండిలో ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. కాచిగూడ నుంచి వచ్చిన ఒక బ్యాంకు ఆయన కుటుంబం, ఖైరతాబాద్ నుంచి ఇద్దరు ఆఫీసు గుమాస్తాలు, ఒక రిటైరయిన బడిపంతులు, ఇంకా పదిమంది దాకా ఉన్నారు. నేనెవరినో ఎవరూ అడగలేదు, ఆయన చెప్పనూ లేదు.

కొండ మొదట్లో నల్లరాయి దగ్గర ఆయన ఆగి వెనక్కి తిరిగారు. అప్పుడు విన్నాను ఆ గొంతు. ఇంట్లో ఉప్పందుకోమనే గొంతు కాదది.

"ఇక్కడ ఒకప్పుడు నేల చీలి కరిగిన రాయి పొంగింది. ఒకసారి పొంగి ఊరుకోలేదు. చల్లారింది, మళ్ళీ పొంగింది. అట్టు మీద అట్టు వేసినట్టు పొర మీద పొర. మీ ఇళ్ళల్లో అట్టు మీద అట్టు పడితే ఎంతసేపుంటుందీ? ఇక్కడ తినేవాళ్ళు లేరు కాబట్టి మిగిలాయి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వాక ఒళ్ళు మండింది. ఎన్నేళ్ళుగా ఆయన కంచంలో అట్టు మీద అట్టు వేస్తున్నాను, ఉప్పు సరిపోయిందని కూడా చెప్పిన పాపాన పోలేదు.

పైకెక్కేకొద్దీ మోదుగులు, టేకు చెట్లు, ఎండుటాకుల చప్పుడు. ఆయన ఏ ఒక్కరినీ వదల్లేదు. అడిగినవాళ్ళకల్లా చెప్పారు. అడగనివాళ్ళను దగ్గరికి పిలిచి చూపించారు. కొండ తలమీద రాయి ఎర్రగా, చిల్లులు చిల్లులుగా ఉంటుంది. నల్లరాయే ఏళ్ళూ పూళ్ళూ వానకు నాని, ఎండకు ఎండి, సారమంతా కొట్టుకుపోగా మిగిలిన తుప్పు అదని చెప్పారు. ఆ రెండు రాళ్ళకూ మధ్య ఒకచోట తెల్లగా, అక్కడక్కడ గులాబీ చారలతో మెత్తని పొర ఉంది. అందులోంచి ఒక పెళ్ళ ఊడదీసి, నాలుకకు ఆనించుకుని, "ఇది రాయి కాదిక, మట్టి అయిపోతోంది. నాలుకకు అంటుకుంటే మట్టి గుణం వచ్చినట్టు. చూడండి" అని ఆ పెళ్ళనే బ్యాంకు ఆయన భార్యకు అందించారు.

ఆవిడ కాలుతున్న వస్తువు అందించినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది. "అయ్యో, ఎంగిలండీ!"

మడీ ఆచారం ఉన్న ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం. మంచినీళ్ళ గ్లాసు ఎత్తి పోసుకునేవాళ్ళం. మా వారికి ఆఫీసులో రాళ్ళను నాకి చూడటం ఎంత అలవాటైపోయిందంటే, అది నోట్లో పెట్టినదనే ధ్యాసే లేదు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వెనక్కి జరిగారు. ఆయన ఆ పెళ్ళను పట్టుకుని అలాగే నిలబడిపోయారు. మాట ఆగిపోయింది. ఆ మొహం నాకు తెలుసు, అది మా ఇంట్లో మొహం.

బడిపంతులు పాత హైదరాబాదు మనిషి. బండిలో మేం ఒక్కమాటా మాట్లాడుకోకపోయినా మొగుడూ పెళ్ళాలమని ఎలా పసిగట్టాడో గానీ నా వైపు తిరిగి అన్నాడు. "అమ్మా, మీరు సార్ ఇంటోళ్ళే గద? మీకైతే ఎంగిలి లేదు. జర మీరే జూసి చెప్పున్రి మాకు."

"ఔ, గది బాగుంది" అన్నారు గుమాస్తాలు. అందరూ నవ్వుతూ నా వైపు చూశారు. పెళ్ళయిన నాటి నుంచి ఆయన తిని లేచిన ఆకులో తిన్నదాన్ని, నాకు ఈ మట్టిపెళ్ళ ఒక లెక్కా. తీసుకుని నాలుకకు ఆనించాను. పట్టుకుంది. వానకు తడిసిన గోడ వాసన వచ్చింది.

"అంటుకుందా?" అని అడిగారు మా వారు. అందరి ముందు, నా మొహం చూసి అడిగారు.

"అంటుకుందండీ" అన్నాను.

అప్పట్నుంచి ఆ పని నాదైపోయింది. ప్రతి చలికాలం, ప్రతి ఆదివారం ఆయన వెంట వెళ్ళాను. మట్టిపొర దగ్గరికి రాగానే పెళ్ళ నా చేతికొచ్చేది. అంటుకుందా, అంటుకుంది. అదే మా సంభాషణ. వారమంతా దాని కోసం కాచుకుని ఉండేదాన్నంటే నమ్ముతారా? సిగ్గేముంది, అంతే.

తర్వాత ఇంకో ఉపాయం కూడా కనిపెట్టాను. గుంపులో వెనక నిలబడి, నేనూ అందరిలాగే అడగడం. "ఈ రాయి వయసెంతండీ?" అన్నాను ఒకసారి. అబ్బ, ఎంత బాగా చెప్పారో. ఏటవాలు దిగేదాకా అదే చెప్పారు, నాకు చెప్తున్నానని తెలియకుండానే నాకు చెప్పారు. ఇంటికొచ్చాక కాళ్ళకు కొబ్బరినూనె రాసుకుంటూ, ఇందాకటి రాయి గురించి ఇంకొంచెం చెప్పండీ అన్నాను. "పొద్దున చెప్పాను కదా" అని దీపం దగ్గరికి జరిగి పుస్తకం తెరిచారు.

అలా అడుగుతూ అడుగుతూ ఒక ఆదివారం ధైర్యం చేశాను. బ్యాంకు ఆయన భార్య, క్యాంపుల్లో పులులుంటాయా, భయమేయదా అని అడుగుతోంది. ఆయన ఎలుగుబంటి కథ చెప్పి నవ్విస్తున్నారు. ఆ నవ్వుల్లో నేను అడిగాను. "మీరక్కడ ఒక్కరే ఉన్నప్పుడు ఇంటి నుంచి కబురొస్తే ఏం చేస్తారండీ?"

ఆయన నా వైపు చూశారు. ఎలుగుబంటి కథ సగంలో ఆగింది.

"కబురు ఆలస్యంగా వస్తుంది" అన్నారు. అని, సుత్తి తీసుకుని అవతలి రాయి దగ్గరికి నడిచారు. అందరూ ఆయన వెనక వెళ్ళారు. నేను కాసేపు అక్కడే చెట్టు కింద కూర్చుండిపోయాను. నా కళ్ళు చూసి తర్వాత ఎవరో అడిగితే దుమ్ము పడిందని చెప్పాను. ఆ రోజు మట్టిపెళ్ళ నా చేతికి రాలేదు, ఆయన అక్కడ ఆగనేలేదు. మళ్ళీ అలాంటి ప్రశ్న అడగలేదు నేను.

ఏళ్ళు గడిచాయి. జనం తగ్గారు. నాంపల్లిలో నుమాయిష్, అదే ఎగ్జిబిషన్, పెట్టిన నెలలో ఎలాగూ ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ఊళ్ళో తెలంగాణ గొడవలు జరిగిన ఏడాది బళ్ళు నడవక, ఎవరి ఇళ్ళల్లో వాళ్ళు తలుపులేసుకుని కూర్చోవడంతో ఆదివారాలు ఆగిపోయాయి. ఆ తర్వాత ఆంధ్రావాళ్ళూ ఇక్కడివాళ్ళూ ఒకే రైలుపెట్టెలో కూర్చుని పులిహోర పంచుకోవడానికి కొంచెం బెరుకు వచ్చింది. బ్యాంకు ఆయనకు బదిలీ అయింది. గుమాస్తాలు పెళ్ళిళ్ళయి ఆదివారం సినిమా ఆటలకు పోతున్నారు. పంతులు మాత్రం చాలాకాలం వచ్చాడు, చివరికి మోకాళ్ళు రానివ్వలేదు. మా ఇంటావిడ ఆ మధ్యనే పోయింది. గోడ మీంచి పలకరించే మనిషి కూడా లేదు నాకు. ఆ ఒంటరితనం ఎవరికి చెప్పుకోను?

ఒక ఆదివారం స్టేషనులో మేమిద్దరమే నిలబడ్డాం. బండి వచ్చింది. ఇంకెవరూ రాలేదు. ఇంటికి వెళ్దామంటారనుకున్నాను. ఆయన ఎక్కి కూర్చున్నారు. నేనూ ఎక్కాను.

వికారాబాద్ దాకా కిటికీలోంచి చూశారు. కొండ దారిలో ముందు నడిచారు. నల్లరాయి దగ్గర మాట్లాడలేదు. మోదుగుల కింద మాట్లాడలేదు. అన్నేళ్ళు విన్న మాటలన్నీ నాకు కంఠస్థమే, ఒక్కో రాయి దాటుతుంటే ఆ మాట లేకపోవడం చెవులకు నొప్పిగా ఉంది. అడవిలో మా నాలుగు కాళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. మట్టిపొర దగ్గర ఆగారు. అలవాటు కొద్దీ పెళ్ళ ఊడదీసి, నాలుకకు ఆనించి, నాకు అందించారు.

నేను తీసుకోలేదు.

"చెప్పండి" అన్నాను. "పదిమందికి చెప్పినట్టు చెప్పండి. నేను మనిషిని కానా? నేనూ ఆ బండెక్కే వచ్చాను."

"నీకు తెలుసు కదా అంతా" అన్నారు, నిజంగానే ఆశ్చర్యపోయి.

"తెలుసు. మీకు తెలిసినవన్నీ గుంపులో నిలబడి నేర్చుకున్నాను. నాకు తెలిసింది ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, మీరెప్పుడైనా అడిగారా?"

గొంతు ఎంత పెద్దదైపోయిందో నాకే తెలియదు. చెట్టు మీది పిట్టలు లేచిపోయాయి. ఆయన చేతిలోని పెళ్ళను కింద పెట్టారు. పక్కనున్న బండ మీద కూర్చున్నారు. ఇదీ ఊఁతో పోతుందనుకున్నాను.

"ఆ రోజు ఇంటావిడ గుమ్మంలో ఆపింది" అన్నారు. "ఆ ముచ్చట ఎత్తకు బిడ్డా, ఎత్తితే తల్లి తట్టుకోదు, మళ్ళ కడుపు నిలువదు అంది. నువ్వే ఎత్తుతావులే, అప్పుడు మాట్లాడదామని ఊరుకున్నాను."

నాకూ అదే చెప్పింది ఆవిడ. "ఆయన ముంగట ఏడ్వకు, పేరు తియ్యకు, ఇంటికి మంచిది గాదు" అంది. సుత్తితో కొట్టి చూడందే ఏ రాయినీ నమ్మని మనిషి ఆ మాట మాత్రం ఎదురు ప్రశ్న వేయకుండా నమ్మాడు. నేనూ నమ్మాను. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ ఇన్నేళ్ళు కూర్చున్నాం. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామా అంటే, ఆ పాపకు స్నానం చేయించి కొత్త గుడ్డ చుట్టింది ఆవిడే.

నేనూ వెళ్ళి బండ మీద కూర్చున్నాను. ఆయన నేల వైపు చూస్తూనే అడిగారు.

"ఎవరి పోలిక?"

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఎన్ని రకాలుగా తయారుగా ఉండేదో. పొయ్యి ముందు కూర్చుని ఎన్నిసార్లు చెప్పుకున్నానో. తీరా అడిగాక వెతుక్కుంటే ఆ మొహం దొరకలేదు. అరిగిపోయింది. మీ పోలికేనని అనేయొచ్చు, సంతోషిస్తారు. నోరు రాలేదు.

"మొహం గుర్తు లేదండీ" అన్నాను. "చెవులు మాత్రం మీవే. పెద్దవి."

ఆయన చెయ్యెత్తి తన చెవి తడుముకున్నారు.

"జుట్టు ఉందా?"

"ఒత్తుగా ఉంది."

"కళ్ళు తెరిచిందా?"

"తెరిచింది. దీపం వైపు చూసింది."

"ఏడ్చిందా?"

"ఏడ్చింది. ఒక్కసారే, గట్టిగా."

అది విని ఆయన ఏడ్చారు. అంత పొడుగు మనిషి మోకాళ్ళలో తల పెట్టుకుని పైకే ఏడ్చారు. నేను ఆయన వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. నాకు ఏడుపు రాలేదు. నాది నాంపల్లిలో, ఒక్కదాన్నే, ఎప్పుడో ఏడ్చేశాను.